హెచ్ఎం కుర్చీ ఎప్పుడు చూసినా నిండుగుంటే ఆ బడి పనైపోయినట్టే!

సర్కారు బళ్లల టీచర్లు ఫోన్ల ముఖం చూపించి హాజరు వేసుకోవాలన్న లొల్లి మీరంతా చూస్తనే ఉన్నరు. "ముఖం ఫోన్ల పడితేనే పంతుళ్లు దారికొస్తరు" అని ఒకళ్లు, "మమ్మల్ని దొంగల లెక్క జూస్తున్నరు" అని ఇంకొకళ్లు. అరే, ఆ ఫోను సార్ బడికొచ్చిండని చెప్తది. క్లాసుల ఏం జేసిండో చెప్తదా? అది తెలుసుకోవాల్సింది హెచ్ఎం. ఆయనేమో కుర్చీల కూసొని యూడైస్, అంటే సర్కారుకు పంపే బడి లెక్కల ఫారం, నింపుతుంటడు!

నేననేది ఒక్కటే. రోజుకొక పీరియడ్ ఆ కుర్చీ ఖాళీగుండాలె. సారైనా, మేడమైనా, పోయి వెనక బెంచీల కూసోవాలె.

కూసొని టీచర్ దిక్కు చూడొద్దు, పిల్లల నోట్‌బుక్కులు చూడాలె. ముగ్గురివి చాలు, అవి గూడ వెనక వరసవే. బోర్డు మీది లెక్క దించుకున్నరా, సొంతంగ చేసిన్రా? తప్పు లెక్కకు గూడ రైట్ కొట్టి సంతకం పెట్టిన్రా? నలభై నిమిషాల్ల పిల్లలు నోరు తెరిచింది ఎన్ని నిమిషాలు? గడియారం చూసి రాసుకోవాలె. సాయంత్రం లోపల టీచర్‌ను విడిగా పిలిచి ఒక్క మాట చెప్పాలె. ఒక్కటే! పది చెప్తే ఒక్కటీ చేయరు. స్టాఫ్‌రూమ్‌ల అందరి ముందర చెప్తే ఇగ జన్మల వినరు. పదిహేను రోజులకు మళ్లీ అదే క్లాసుకు పోవాలె. చాలామంది తప్పేది ఇక్కడనే. రెండోసారి పోరు. టీచింగ్ డైరీ మీద సంతకం గీకి, "పర్యవేక్షణ అయింది" అంటరు.

"సార్, మాది ఇద్దరు టీచర్ల బడి" అంటరు, నాకు తెల్సు. ప్రైమరీల 150 మంది దాటితేనే విడిగా హెడ్‌టీచర్ అని చట్టమే అంటది. అయితే రెండు క్లాసులు ఒక్కకాడ కూసోబెట్టుండ్రి, పక్క టీచర్ పాఠం చెప్తుంటే ఇరవై నిమిషాలు చూడుండ్రి.

ఇంకో ముచ్చట. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఏమంటది? జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని డ్యూటీలు టీచర్‌కు వెయ్యొద్దంటది. మరి బడి వివరాలు ఎక్కించే యాప్‌లు? అవన్నీ "బడి పనే" కదా! చట్టానికి దొరకకుండ హెచ్ఎం దినం మొత్తం మింగేటివి అవే.

మధ్యాహ్న భోజనం గూడ అంతే. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు ఒక్కో పిల్లకు 150 గ్రాముల బియ్యం. రెండొందల మందికి 30 కిలోలు. కుర్చీల కూసుంటే రిజిస్టర్‌ల 30 కనబడతది. వంటకాడికి పోయి కాంటా పెట్టిస్తేనే అసలెంతనో తెలుస్తది.

దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట దిక్కు ప్రైవేటు బళ్ల సంగతంటరా? అక్కడ కొందరు ప్రిన్సిపాళ్లకు కుర్చీ గూడ లేదు, అడ్మిషన్ల టార్గెట్ ఉంది. దాని మీద ఇంకో వీడియో చేస్త.

రేపు మీ పిల్లల బడికి పోయి అడుగుండ్రి: "నిన్న ఏ క్లాసుల కూసున్నరు సార్?" పీరియడ్‌తో సహా చెప్తే దండం పెట్టుండ్రి. "అంతా మంచిగనే నడుస్తుంది" అంటే, వచ్చి కింద కామెంట్ల రాయుండ్రి.