బిడ్డ మేలుకుని ఉన్న వేళ

శ్రోతలందరికీ నమస్కారం. మన తిరుపతి, చిత్తూరు పల్లెల నుంచి మిలిటరీలో చేరినవాళ్ళంటే మనకు కాశ్మీరో, అస్సామో గుర్తొస్తుంది. వాళ్ళలో కొందరు సముద్రాలు దాటి కూడా పోతారు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో నీలం టోపీ పెట్టుకుని లెబనాన్, కాంగో, దక్షిణ సూడాన్ దేశాల్లో మనవాళ్ళు పనిచేస్తున్నారు. 1950లోనే మన సైనిక వైద్య దళం ఒకటి కొరియాకు పోయింది. ఆ చరిత్ర చాలా పెద్దది, ఇంకోరోజు చెప్పుకుందాం. ఈ రోజు నేను మాట్లాడేది అక్కడి నుంచి మధ్యలో లీవు మీద ఇంటికి వచ్చే మనిషి గురించి.

చంద్రగిరి దగ్గర మా ఊళ్ళో ఒక అబ్బాయి ఉన్నాడు. దక్షిణ సూడాన్‌లో తెల్ల నైలు ఒడ్డున మలకాల్ అనే ఊళ్ళో డ్యూటీ. కొట్లాటల్లో ఇళ్ళు పోగొట్టుకున్న వేలమంది అక్కడ క్యాంపు పక్కనే తలదాచుకుని ఉంటారు, వాళ్ళకు కాపలా కాయాలి. ఈ అబ్బాయి పోయేటప్పటికి భార్య కడుపుతో ఉంది. కొడుకు తిరుపతి ఆసుపత్రిలో పుట్టాడు, నాయన ఫోన్లో చూసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి వినండి. వాళ్ళ టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. డ్యూటీ దిగి, తిని, నెట్ దొరికి ఫోన్ చేసేసరికి అక్కడ రాత్రి ఏడైతే ఇక్కడ పదిన్నర. బిడ్డ నిద్రపోతుంటాడు. రోజూ అంతే. నెలల తరబడి ఆ నాయన చూసింది నిద్రపోయే బిడ్డనే. "వాడు కళ్ళు తెరిస్తే ఎట్లుంటాడో నేను సరిగ్గా చూడనే లేదు పెద్దమ్మా" అన్నాడు నాతో. ఆ మాట నేను మర్చిపోలేకపోతున్నాను.

లీవు దొరికింది. జూబా, అడిస్ అబాబా, ముంబై, అక్కడి నుంచి రైల్లో రేణిగుంట. ఇంటికి వచ్చేసరికి వాళ్ళమ్మ అన్నీ తీర్మానం చేసి పెట్టింది. కాణిపాకం పోవాలి, గంగమ్మకు పొంగలి పెట్టాలి, కొండమీద బిడ్డకు పుట్టెంట్రుకలు తీయించాలి, పుత్తూరులో మేనత్తను చూడాలి, మదనపల్లెలో చిన్నాయన ఇంటికి పోకపోతే ఆయన అలుగుతాడు. ఆమె తప్పేం లేదు, కొడుకు క్షేమంగా రావాలని మొక్కుకున్న తల్లి. కానీ లెక్కేస్తే లీవంతా బస్సుల్లోనే అయిపోయేట్టుంది.

కోడలు నెమ్మదిగా అనింది, "అత్తా, ముందు వాడి సర్టిఫికెట్టు పని చూద్దాం. వాడికి ఇంకా పేరే లేదు."

ఈ కాగితం సంగతి మిలిటరీ ఇళ్ళవాళ్ళు జాగ్రత్తగా వినాలి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలి, ఎక్కడ పుడితే అక్కడే. నాయన వచ్చాక పేరు పెట్టుకుందామని పేరు లేకుండానే నమోదు చేయించుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ నమోదైన 12 నెలల్లోపు పేరు రాయిస్తే ఫీజు ఉండదు, ఆ తర్వాత ఫీజు కట్టాలి. పేరు పడిన సర్టిఫికెట్టు యూనిట్‌లో ఇస్తే పార్ట్ టూ ఆర్డర్ అని ఒకటి వేస్తారు. బిడ్డ పేరు నాయన సర్వీసు రికార్డులోకి ఎక్కేది దాంతోనే. రేపు చదువు భత్యానికైనా, వైద్యానికైనా ఆ రికార్డే చూస్తారు. పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలి. మళ్ళీ చెప్తున్నా, పేరు, పుట్టిన తేదీ, ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు.

వీళ్ళు రెండో రోజే పోయారు. చూస్తే ఆసుపత్రి చీటీలో తల్లి పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. టెన్షనే మరి. అయినా లీవు మొదట్లోనే పోయారు కాబట్టి తిరిగి సరిచేయించుకోడానికి రోజులు మిగిలాయి. అదే ఆఖరి రోజుల్లో పోయుంటే ఆ పని ఆమె ఒక్కతే, చంకలో బిడ్డతో తిరగాల్సి వచ్చేది.

తర్వాత కొండమీద పుట్టెంట్రుకలు తీయించి వచ్చారు. మిగతా ఊళ్ళన్నీ వాళ్ళమ్మే మానుకునింది. "మొక్కులు నేను తీర్చుకుంటాలే నాయనా, నువ్వు ఇంట్లో ఉండు" అనింది. ఎంత మంచి మాట!

అప్పటి నుంచి ఆ అబ్బాయి ఇంట్లోనే. మొదట్లో బిడ్డ కొత్త చూసి ఏడ్చాడు. ఈయన బలవంతంగా ఎత్తుకోలేదు, వసారాలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తుంటే వాడే పాక్కుంటూ వచ్చాడు. పోయే ముందు నాతో అన్నాడు, "పొద్దున పదకొండుకు వీడు ఏం చేస్తాడో ఇప్పుడు నాకు తెలుసు పెద్దమ్మా. చెంబు దొర్లించుకుంటా దాని వెనకాల పోతాడు. అక్కడ ఆ టైముకు మేం టిఫిన్ తింటా ఉంటాం."

కాబట్టి మీ వీధిలో ఎవరైనా ఇట్లా లీవులో వచ్చుంటే తప్పకుండా పోయి పలకరించండి. పగలు మాత్రం వద్దు. రాత్రి, బిడ్డ నిద్రపోయాక పోండి.