గోల్డెన్ గ్లోబ్స్ జోస్యం: ఎర్ర సిరా నోట్‌బుక్

అందరికీ నమస్కారం.

ఆదివారం సాయంత్రం, అదీ సినిమా వెయ్యకుండా సినిమా గురించి మాట్లాడతాడట అని తెలిసి కూడా ఇంతమంది వచ్చారు. సంతోషం. ముందే ఒక విషయం ఒప్పుకుంటాను. అవార్డులు ఎవరికొస్తాయో ముందే చెప్పడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు కానీ, ఆ పనిలో నా రికార్డు ఏమంత గొప్పది కాదు. పన్నెండేళ్ళుగా ప్రతి జనవరిలో, హాలీవుడ్‌లో సినిమాలకీ టీవీ సిరీస్‌లకీ ఇచ్చే గోల్డెన్ గ్లోబ్స్ అవార్డుల విజేతల పేర్లు ఒక నోట్‌బుక్‌లో ముందే రాసిపెట్టుకుంటున్నాను. ఫలితాలు వచ్చాక తప్పులు ఎర్ర సిరాతో కొట్టేస్తాను. ఇప్పుడు ఆ నోట్‌బుక్ తెరిస్తే నా పదో తరగతి లెక్కల పేపరు గుర్తొస్తుంది.

అందులో అన్నిటికంటే ఎర్రగా ఉన్న పేజీ 2023ది. కథ అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ ఏడాది 80వ గోల్డెన్ గ్లోబ్స్. బెవర్లీ హిల్టన్ హోటల్లో జనవరి 10 సాయంత్రం జరిగింది, మనకి 11వ తేదీ పొద్దున ఆరున్నర. ‘ఆర్ఆర్ఆర్’కి రెండు నామినేషన్లు. ఒకటి ఇంగ్లీషేతర చిత్రం, రెండోది ‘నాటు నాటు’ పాట. పాట విభాగంలో మన కీరవాణి, చంద్రబోస్ ఎదురుగా ఎవరున్నారో గుర్తుందా? టేలర్ స్విఫ్ట్, లేడీ గాగా, రిహానా. ఐదోది ‘పినాకియో’లో పాట. నేను రిహానా పేరు రాశాను. ఏళ్ళ తరబడి కొత్త పాట లేని రిహానా మళ్ళీ పాడింది, వదులుతారా అనుకున్నాను. సినిమా విభాగంలో మాత్రం కళ్ళు మూసుకుని ‘ఆర్ఆర్ఆర్’ అని రాశాను.

మా మేనకోడలు ఆ పేజీ చూసి ఒకటే అడిగింది. “మామయ్యా, ఆ మిగతా నాలుగు పాటల్లో ఏదో ఒకటి ఇప్పుడు పాడి వినిపించు.” నేను గొంతు సవరించుకున్నాను. అంతకుమించి ముందుకు పోలేదు. “నాకు ‘నాటు నాటు’ వచ్చు. ఓటేసేవాళ్ళకీ అదొక్కటే గుర్తుంటుంది” అని, ప్లేటు పునుగులు పందెం కాసింది. తెల్లారి కీరవాణి గారు స్టేజీ ఎక్కారు. కాసేపటికి ఇంగ్లీషేతర చిత్రం అవార్డు ‘అర్జెంటీనా, 1985’ పట్టుకుపోయింది. రెండు విభాగాలు, రెండూ తప్పే. ఒకదాంట్లో పెద్ద పేర్లకి బెదిరిపోయాను, రెండోదాంట్లో అభిమానం కళ్ళకి గంతలు కట్టింది.

నిజానికి ఆధారాలు నా కళ్ళముందే ఉన్నాయి. అంతకు నెల రోజుల ముందు న్యూయార్క్ విమర్శకుల సంఘం రాజమౌళిని ఉత్తమ దర్శకుడిగా ఎంచుకుంది. లాస్ ఏంజెలెస్ విమర్శకులు సంగీతానికి కీరవాణిని ఎంచుకున్నారు. అమెరికాలో థియేటర్లలో జనం సీట్లలోంచి లేచి ఆ పాటకి గంతులేస్తున్న వీడియోలు మన ఫోన్లలోనే తిరిగాయి. గ్లోబ్స్‌కి ఓటేసేవాళ్ళు సినిమా విలేకరులు. ఆ గంతులు వాళ్ళకీ కనపడ్డాయి. నేను పాటల జాబితా చూశాను తప్ప ఓటర్లను చూడలేదు.

పెళ్ళి భోజనాల్లో ఏ కూర ముందు ఖాళీ అవుతుందో వంటవాణ్ణి అడిగితే ఏం తెలుస్తుంది? పంక్తిలో కూర్చున్నవాళ్ళ విస్తళ్ళు చూడాలి. గ్లోబ్స్ పంక్తిలో ఎవరు కూర్చున్నారో చెప్తాను.

1943లో హాలీవుడ్‌లో ఉండి విదేశీ పత్రికలకు రాసే విలేకరులు ఒక సంఘం పెట్టుకున్నారు. అదే తర్వాత హాలీవుడ్ ఫారిన్ ప్రెస్ అసోసియేషన్ అయింది. 1944 జనవరిలో మొదటిసారి అవార్డులిచ్చారు. కాలం గడిచింది, టీవీ అవార్డులూ చేరాయి, కోట్లమంది చూసే పండగ అయింది. సంఘం మాత్రం ఎదగలేదు. 2021 నాటికి అందులో సభ్యులు 87 మంది.

ఈ 87తో ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక విభాగంలో ఐదుగురు పోటీ, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు విజేత. ఓట్లు బాగా చీలిపోతే ఎన్ని ఓట్లతో గెలవొచ్చు? నలుగురికి తలా 17 వస్తే మొత్తం 68. మిగిలింది 19. అంటే పంతొమ్మిది మంది ‘సరే’ అంటే ట్రోఫీ మీ ఇంటికొస్తుంది. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ కూడా అంతకంటే ఎక్కువ ఓట్లతోనే గెలిచాడు.

పంతొమ్మిది మందిని ఒప్పించడం అంత కష్టమా? 1982లో పియా జడోరా అనే నటికి ‘కొత్త తార’ అవార్డు వచ్చింది. ఆవిడకి అది తెచ్చిపెట్టిన సినిమాని విమర్శకులు చీల్చి చెండాడారు. కాకపోతే ఆవిడ భర్త కోటీశ్వరుడు. ఓటర్లను లాస్ వేగస్ తీసుకెళ్ళి మర్యాదలు చేశాడని అప్పట్లో పెద్ద గోలే అయింది. నలభై ఏళ్ళ తర్వాత కూడా కథ పెద్దగా మారలేదు. 2019లో ‘ఎమిలీ ఇన్ ప్యారిస్’ షూటింగ్ చూడటానికి ముప్ఫైమందికి పైగా సభ్యులు ఫ్రాన్స్ వెళ్ళి ఖరీదైన హోటల్లో దిగారు. 2021లో ఆ సిరీస్‌కి రెండు నామినేషన్లు వచ్చాయి. అదే ఏడాది విమర్శకులు ఆకాశానికెత్తిన ‘ఐ మే డిస్ట్రాయ్ యూ’కి ఒక్కటీ రాలేదు. ఆ ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఇదంతా బయటపెట్టింది. ఆ 87 మందిలో ఒక్క నల్లజాతి సభ్యుడు కూడా లేడనీ రాసింది. టామ్ క్రూజ్ తన మూడు ట్రోఫీలూ వెనక్కిచ్చేశాడు. ఎన్‌బీసీ అనే అమెరికా టీవీ చానల్ 2022 వేడుకని ప్రసారం చెయ్యనంది. ఆ ఏడాది టీవీలో ఏమీ లేదు, విజేతల పేర్లు ట్విట్టర్‌లో పెట్టుకున్నారు.

2023 జూన్‌లో ఆ సంఘాన్నే ఎత్తేశారు. ఇప్పుడు ఓటర్లు సుమారు మూడొందలు, డెబ్బైకి పైగా దేశాలవాళ్ళు. ముందు అందరూ దక్షిణ కాలిఫోర్నియాలో ఉండాల్సిందే, ఇప్పుడు ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఓటేస్తున్నారు. నామినేషన్లు ఐదు నుంచి ఆరు చేశారు. మళ్ళీ అదే లెక్క వెయ్యండి, ఓట్లు చీలితే 51తో గెలవొచ్చు. లంచ్ పెట్టి పడగొట్టడం కష్టమైంది. జోస్యం చెప్పడం ఏమాత్రం తేలిక కాలేదు.

2025 జనవరి చూడండి. గ్లోబ్స్‌లో డ్రామాకీ, కామెడీకీ విడివిడిగా అవార్డులుంటాయి. డ్రామా విభాగంలో ఉత్తమ నటికి నికోల్ కిడ్‌మన్, ఏంజెలీనా జోలీ, కేట్ విన్‌స్లెట్, టిల్డా స్వింటన్, పమేలా ఆండర్సన్. అందరూ తెలిసిన పేర్లే. గెలిచింది ఆరో పేరు, బ్రెజిల్ నటి ఫెర్నాండా టోరెస్. పాతికేళ్ళ కిందట వాళ్ళమ్మ ఫెర్నాండా మాంటెనెగ్రో ఇదే అవార్డుకి నామినేట్ అయి ఓడిపోయింది. నా నోట్‌బుక్‌లో జోలీ. ఎర్ర సిరా. ప్రపంచమంతటా ఓటర్లుంటే పోర్చుగీసు భాష సినిమాకి పడే ఓట్లు కూడా పెరుగుతాయన్న ఇంగితం నాకు తట్టలేదు. అదే రాత్రి ఫ్రెంచ్ సినిమా ‘ఎమీలియా పెరెజ్’ నాలుగు గెలిచింది. ఐదు నామినేషన్లున్న ‘అనోరా’కి సున్నా. మన పాయల్ కపాడియా దర్శకుల జాబితాలో ఉండటం కూడా ఈ కొత్త ఓటర్ల చలవే అని నా అనుమానం. గెలవలేదు గానీ ఆ వరసలో ఆ పేరు చూడటమే ఒక ముచ్చట.

రెండు నెలలకి ఉత్తమ చిత్రం ఆస్కార్ ఎవరికొచ్చింది? ‘అనోరా’కి.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. “గ్లోబ్ వస్తే ఆస్కార్ వచ్చినట్టే” అని మన చానళ్ళు కూడా ఊదరగొడతాయి. ఆస్కార్‌కి ఓటేసేది వేలమంది సినిమా పనివాళ్ళు, అంటే నటులు, ఎడిటర్లు, సౌండ్ వాళ్ళు. గ్లోబ్‌కి ఓటేసేది విలేకరులు. పంక్తులు వేరు. అదీగాక ఉత్తమ చిత్రానికి ఆస్కార్ ఓటరు అన్ని సినిమాలకీ వరసగా ర్యాంకులివ్వాలి. దాంతో అందరికీ రెండోదో మూడోదో అయిన సినిమా పైకి తేలుతుంది. గ్లోబ్‌లో ఆ గొడవ లేదు, మొండిగా ప్రేమించేవాళ్ళ గుంపు ఒకటుంటే చాలు.

2017లో ‘లా లా ల్యాండ్’కి ఏడు నామినేషన్లు, ఏడూ గెలిచింది. అదో రికార్డు. ఆస్కార్‌లో ఉత్తమ చిత్రంగా దాని పేరు చదివేశారు కూడా, కాకపోతే కవరు తప్పు. గెలిచింది ‘మూన్‌లైట్’. ఆ ఏడాదే గ్లోబ్స్‌లో సహాయ నటుడిగా ఆరన్ టేలర్ జాన్సన్ గెలిచాడు, ‘నాక్టర్నల్ యానిమల్స్’కి. ఆస్కార్‌లో అతనికి నామినేషన్ కూడా రాలేదు, అదే సినిమాలో ఇంకో నటుడు మైకేల్ షానన్‌కి వచ్చింది! 2021లో ఉత్తమ నటి సంగతైతే మరీ తమాషా. గ్లోబ్ ఆండ్రా డేకి, విమర్శకుల అవార్డు కేరీ మలిగన్‌కి, నటుల సంఘం అవార్డు వయోలా డేవిస్‌కి, చివరికి ఆస్కార్ ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్‌కి. ఆ ఏడాది ఏ పేరు రాసినా ఎక్కడో ఒకచోట కరెక్టే.

మనవాళ్ళకి దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. 2009లో ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ సంగీతానికి రెహమాన్‌కి గ్లోబ్ వచ్చింది. ‘జై హో’ పాటకి మాత్రం గ్లోబ్స్‌లో నామినేషనే లేదు. అక్కడ పాట అవార్డు ‘ద రెజ్లర్’ కోసం బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌కి వెళ్ళింది. ఆస్కార్ దగ్గరికొచ్చేసరికి తారుమారు. స్ప్రింగ్‌స్టీన్‌కి నామినేషన్ లేదు, ‘జై హో’కి అవార్డు.

అయితే గ్లోబ్‌కి ఆస్కార్‌తో అసలు సంబంధమే లేదని కూడా అనను. 2023లో గ్లోబ్స్ అయిన రెండు రోజులకే ఆస్కార్ నామినేషన్ల ఓటింగు మొదలైంది. ఎవరికి ఓటెయ్యాలా అని ఆలోచిస్తున్న వేలమంది, టీవీలో కీరవాణి ట్రోఫీ పట్టుకోవడం అప్పుడే చూసి ఉన్నారు. డబ్బు పెట్టి అంతకంటే మంచి ప్రచారం కొనగలమా? నా లెక్కలో గ్లోబ్ ఇచ్చే ఊపంతా అదే. ఇంకో సంగతి, ఇంగ్లీషేతర విభాగానికి గ్లోబ్స్‌లో దేశం తరఫున ఎంట్రీ అక్కర్లేదు. ఆస్కార్‌కి కావాలి. ఆ ఏడాది మన దేశం గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’ని పంపింది కాబట్టి, ‘ఆర్ఆర్ఆర్’కి అక్కడ ఆ తలుపే మూసుకుపోయింది.

టీవీ గురించి నాలుగు ముక్కలు. సిరీస్‌లు చూసే ఓపిక నాకు తక్కువ. విచిత్రం ఏమిటంటే, నా మార్కులు టీవీలోనే ఎక్కువ. కారణం క్యాలెండర్. అమెరికాలో టీవీకి ఇచ్చే ఎమ్మీ అవార్డుల లెక్క జూన్ నుంచి మే దాకా, గ్లోబ్స్ లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా. అక్టోబరులో వచ్చిన కొత్త సిరీస్‌కి మొదటి పెద్ద ట్రోఫీ ఇచ్చే అవకాశం గ్లోబ్స్‌దే. “మేమే ముందు కనిపెట్టాం” అనిపించుకోవడం విలేకరులకి సరదా. అందుకే ‘బ్రుక్లిన్ నైన్ నైన్’, ‘మిస్టర్ రోబో’, ‘మొజార్ట్ ఇన్ ద జంగిల్’ లాంటివి గెలిచాయి. ఎమ్మీల్లో నాలుగుసార్లు ఉత్తమ డ్రామా అయిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’కి గ్లోబ్స్‌లో ఆ అవార్డు ఒక్కసారి కూడా రాలేదు. దాని పిల్ల సిరీస్ ‘హౌస్ ఆఫ్ ద డ్రాగన్’కి మాత్రం మొదటి సీజన్‌కే ఇచ్చేశారు! కాబట్టి సందేహం వస్తే కొత్తదానికి టిక్కు పెట్టండి. అప్పటికే ఎమ్మీలు ఊడ్చేసింది ఉంటే దానికి పెట్టండి, ‘షోగన్’ విషయంలో అలాగే నాకు నాలుగుకు నాలుగు వచ్చాయి.

కామెడీ అన్న మాటని మాత్రం నమ్మకండి. అంగారక గ్రహం మీద ఒంటరిగా చిక్కుకుని బంగాళాదుంపలు పండించుకునే ‘ద మార్షియన్’ 2016లో ఉత్తమ కామెడీ. ఏ విభాగంలో పోటీ తక్కువో నిర్మాతలు చూసుకుని అందులో వేస్తారు. గడుసువాళ్ళు.

మన జాతీయ అవార్డులకి ఈ ఆట ఎందుకు ఆడరని ఇందాక ఒకరు అడిగారు. అక్కడ జ్యూరీ కూర్చుని చర్చించి తేలుస్తుంది, నామినేషన్ల జాబితా ముందు బయటికి రాదు. జాబితా లేనిదే చీటీ ఎక్కడ రాస్తాం?

సరే, ఇప్పుడు అసలు పని. వెనక వరసలోంచి చీటీలు వస్తున్నాయి, తీసుకోండి. నామినేషన్లు వచ్చాక నింపి జనవరి మొదటివారంలోగా ఇక్కడే ఇవ్వండి. ఒక్కో విభాగంలో ఆరు పేర్లుంటే, కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినా ఆరింటికి ఒకటి తగలాలి. సినిమా, టీవీ కలిపి ఇరవై ఏడు విభాగాలకి నాలుగో ఐదో. అంతకంటే తక్కువ వచ్చినవాళ్ళు అందరికీ టీ ఇప్పించాలి. గెలిచినవాళ్ళకి పునుగులు నా ఖర్చు. చీటీ మీద మీ పేరు రాయడం మాత్రం మర్చిపోకండి. పోయినసారి అందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన చీటీ మీద పేరు లేదు. ఆ ప్లేటుకోసం పదకొండు మంది చేతులెత్తారు.