ఆకుపచ్చ రంగులోని ఊళ్లు

సభకు నమస్కారం.

మీలో చాలామంది పరంగిమలై మీదుగానే వచ్చి ఉంటారు. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ ఆ కొండ దగ్గరే గొలుసు పరిచి, ఏడున్నర మైళ్ల ఆధారరేఖ కొలవడం మొదలుపెట్టాడు. దేశాన్ని త్రిభుజాలుగా అల్లుకుంటూ పోయిన మహా సర్వేకు తొలి గీత అదే. అందుకే అరకు కొండల పటాల గురించి మద్రాసులో మాట్లాడాలని ముచ్చటపడ్డాను. ఆ కొండలూ ఒకప్పుడు ఈ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1936 దాకా కోరాపుట్ సైతం విశాఖపట్నం జిల్లాలోదే.

నా చేతిలోది సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో 65 జె/15 నంబరుది, అరకు షీటు. పాతదాని స్కేలు అంగుళానికి మైలు, కొత్తదానిది 1:50,000. గోధుమరంగు గీతలు ఎత్తును చెబుతాయి. అవి ఒకదానినొకటి రాసుకున్నచోట నిట్టనిలువు వాలు. పసుపు సాగు భూమి, ఆకుపచ్చ అడవి. నా పేచీ ఇక్కడే. పోడు ఏ రంగు? ఈ ఏడు చేను, వదిలేస్తే కొన్నేళ్లకు అడవి. పటం ఆ ఏడాది చూసినదాన్నే శాశ్వతం చేస్తుంది.

1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు ఫారెస్టు హద్దులు వచ్చాయి. పటం మీద అవి చుక్కల గీత, ఆర్‌.ఎఫ్‌. అనే రెండక్షరాలు. గీత లోపల మాత్రం మనుషులున్నారు. పక్క షీటులో బొర్రా చూడండి. ఆ రిజర్వు ఫారెస్టులోనూ చుట్టుపక్కలా గనుల లీజులు ఇచ్చారంటూ సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వరాదని 1997లో తీర్పు వచ్చింది. ఆ తీర్పు చదివేటప్పుడు పటం ఎదురుగా పెట్టుకోండి. గుహలకని వెళ్లొచ్చిన ఊరే వేరుగా కనిపిస్తుంది.

పాత షీటులో రైలు లేదు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన దారి అది, యాభైకి పైగా సొరంగాలతో. అరకు సంతకు వెళ్లేవాళ్ల కోసం వేసింది కాదు.

ఇక పేర్లు. గెడ్డ, పుట్టు, వలస, గూడ: ఊరివాళ్ల నోటి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లి, తిరిగి తెలుగులోకి వచ్చేసరికి గుర్తుపట్టలేకుండా మారాయి. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

ఆ బల్ల మీద షీటు నకలు, పెన్సిళ్లు ఉంచాను. మీలో పాడేరు, అనంతగిరి వైపువాళ్లుంటే, ఇంట్లో పెద్దవాళ్లు ఆ పేర్లు ఎలా పలికేవారో పక్కన తెలుగులో రాసి వెళ్లండి.