329 ఏళ్ల తర్వాత నిర్దోషి అంటే ఎవరికి లాభం? (చర్చ)

యాంకర్: నమస్కారం. మంత్రగత్తె అని 1693లో మరణశిక్ష పడి, ఉరి తప్పించుకున్న ఎలిజబెత్ జాన్సన్‌ను 2022లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వం నిర్దోషిగా తేల్చింది. ఇందుకు పట్టుబట్టింది ఎనిమిదో తరగతి పిల్లలు. ఇప్పుడిదంతా అవసరమా? ముగ్గురికీ సమానంగా టైమిస్తాను. మాస్టారూ, ఈ కేసులన్నీ మొదలైంది అక్కడి సేలం ఊళ్లో 1692లో పిల్లలకు ఫిట్స్ రావడంతో. ఆ ఫిట్స్ వచ్చింది రై అనే ధాన్యపు రొట్టెలోని బూజు వల్లే కదా?

చరిత్ర అధ్యాపకుడు: 1976లో వచ్చిన వాదనండీ అది. అదే ఇంట్లో అదే రొట్టె తిన్న మిగతావాళ్లకు ఏమీ కాలేదు. పైగా కోర్టులో నిందితురాలు లోపలికి రాగానే ఆ ఫిట్స్ మొదలై, ఆమె చెయ్యి తగిలితే ఆగిపోయేవి...

లాయర్: బూజూ గీజూ పక్కన పెట్టండి. "దీని రూపం నా కలలోకొచ్చి గిల్లింది" అంటే కోర్టు సాక్ష్యంగా తీసుకుంది! 19 మందిని...

యాంకర్: కాల్చేశారు.

లాయర్: ఉరి తీశారండీ! 14 మంది ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు.

రచయిత్రి: నేనొక్క మాట...

లాయర్: పూర్తి చెయ్యనివ్వండి. రెబెకా నర్స్, 71 ఏళ్ల ముసలావిడ. జ్యూరీ ముందు నిర్దోషి అంది. జడ్జి స్టౌటన్ మళ్లీ ఆలోచించమన్నాడు. జ్యూరీ ఏదో అడిగితే ఆవిడ పలకలేదు. చెవుడండీ, వినపడలేదు! అంతే, దోషి అన్నారు.

అధ్యాపకుడు: నిజమే. కానీ ఊరి గొడవ కూడా చూడాలి. 1691 చలికాలం నాటికి పాస్టర్ ప్యారిస్‌కు జీతం వసూలు చెయ్యబోమని ఊరి కమిటీ భీష్మించుకుంది. ఇంట్లో పొయ్యి కట్టెలకే కటకట. ఫిట్స్ వచ్చిన తొమ్మిదేళ్ల బెట్టీ, పదకొండేళ్ల అబిగైల్ ఆ ఇంటి పిల్లలే.

యాంకర్: ఆ ఇంట్లో రై రొట్టె తినేవాళ్లా?

రచయిత్రి: రై అంటే గుర్తొచ్చింది. పొరుగింటి మేరీ సిబ్లీ చెప్పిందని ప్యారిస్ ఇంటి బానిసలు టిట్యుబా, జాన్ రై పిండిలో ఆ పిల్లల మూత్రం కలిపి, బూడిదలో కాల్చి కుక్కకు పెట్టారు. మంత్రం వేసిందెవరో తేల్చడానికి. సిబ్లీకి చర్చిలో మందలింపుతో సరి. టిట్యుబాకు జైలు! అక్కడ తిండికీ సంకెళ్లకీ కూడా ఖైదీయే డబ్బు కట్టాలి. ప్యారిస్ కట్టలేదు. మన ఊళ్లలో చేతబడి పేరుతో...

లాయర్: మన ఊళ్ల సంగతి ఇప్పుడెందుకు మేడమ్?

రచయిత్రి: ఎందుకంటే అక్కడా మొదట దొరికింది దిక్కులేనివాళ్లే. సారా గుడ్ అడుక్కుతినేది...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

లాయర్: రెబెకా నర్స్ దిక్కులేనిదా? ఇల్లూ పొలం ఉన్న కుటుంబం! సాక్ష్యం, మేడమ్, సాక్ష్యం! ఆ కలల సాక్ష్యం పక్కన పెట్టగానే 1693లో శిక్ష పడింది ముగ్గురికే. ఆ ముగ్గురినీ గవర్నర్ ఫిప్స్ వదిలేశాడు.

అధ్యాపకుడు: ఒప్పుకున్నవాళ్లు బతికారు, కాదన్నవాళ్లు ఉరెక్కారు. 1692లో దాని గురించి...

లాయర్: నేనూ అదే అంటున్నా! విచారణ తప్పు. అందుకే నిర్దోషి అనాలి. ఇందులో చర్చేముంది?

రచయిత్రి: ఆ ఎలిజబెత్తే లేదు, ఎవరికండీ లాభం?

లాయర్: రికార్డుకి మేడమ్! రికార్డుకి!

యాంకర్: టైమైపోయింది. మాస్టారూ, ఒక్క ముక్కలో, బూజు అవునా కాదా?

అధ్యాపకుడు: కాదని ఇందాకే...

లాయర్: నేను చెప్తాను...