కిక్ వినపడకపోతే కాలిని తిట్టకండి

వేదిక మీదున్న పెద్దలకు, ఆదివారం పూట నిద్ర మానుకుని వచ్చిన పిల్లలకు, వాళ్ళను బండి మీద దించి వెళ్ళిన అమ్మానాన్నలకు నమస్కారం. శాలువాలు తర్వాత పెట్టుకుందామని నిర్వాహకులను ముందే అడిగాను. నాకున్నది పావుగంటే.

నా చేతిలో ఉన్నది చూడండి. బాస్ డ్రమ్ బీటర్. కాలితో పెడల్ తొక్కితే కింద ఉండే పెద్ద డ్రమ్‌ని కొట్టే సుత్తి. ఆ దెబ్బ మోతనే కిక్ అంటాం. ఎనిమిదేళ్ళు వాడాను. స్కిన్‌కి, అంటే డ్రమ్ మీది పొరకి, తగిలే వైపు ఫెల్ట్, ఆ మందపాటి మెత్తగుడ్డ, అణిగిపోయి నల్లగా, అట్టలా గట్టిపడింది. వెనకవైపు ఇంకా మెత్తగానే ఉంది. తిప్పి బిగిస్తే వేరే డ్రమ్ కొన్నట్టు ఉంటుంది.

మెత్తటిది తగిలితే స్కిన్‌ని ఇంకాస్త సేపు అంటుకుని ఉంటుంది. దాంతో సన్నటి మోత అణిగి 'దుమ్' మిగులుతుంది. చెక్క, ప్లాస్టిక్ అలా కాదు, తగలగానే వెనక్కి వస్తాయి. 'టక్' అని దెబ్బ మొన వినిపిస్తుంది. ఇది మనకు కొత్త సంగతా? డప్పు వాయించేవాళ్ళను చూడండి. కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. తోలు ఒక్కటే, పలుకులు రెండు. 1909లో షికాగోలో లుడ్విగ్ అన్నదమ్ములు వేగంగా ఆడే పెడల్‌తో కంపెనీ పెట్టారు. అప్పటినుంచీ మాటలన్నీ పెడల్ గురించే. దాని తలకాయను ఎవరూ పట్టించుకోరు.

నా సంగతి చెబుతాను. ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళి ఆర్కెస్ట్రా. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. రెండో పాటకే సౌండ్ ఆయన చెయ్యి ఊపుతున్నాడు, కిక్ రావట్లేదని. గట్టిగా కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను. మోకాలు లాగేస్తోంది. లీడర్ మైకు పక్కకి పెట్టి "అన్నం తినలేదారా?" అన్నాడు. ముందు వరసలోవాళ్ళు నవ్వారు. టెన్షన్‌లో పక్కనున్న అన్న ఇచ్చిన చెక్క బీటర్ బిగించాను. బీటర్ తగిలే చోట స్కిన్‌ని కాపాడే చిన్న అతుకు, ప్యాచ్ అంటాం, అది లేదు. అయిదో పాటలో స్కిన్ చిరిగింది. మిగతా ప్రోగ్రామంతా ఫ్లోర్ టామ్ మీద, అదే పక్కన నేలమీద నిలబడే డ్రమ్ మీద, లాక్కొచ్చాను. ఆ స్కిన్ డబ్బులు నా పేమెంట్‌లోనే కోశారు. బస్సు చార్జీకి మిగిలింది.

అసలు తప్పెక్కడుంది? నాది ఉన్ని లాంటి మెత్తటి బీటర్. కీబోర్డు మీద ఎడమచేతి బేస్ నడుస్తోంది. దానిదీ, నా 'దుమ్'దీ ఒకే కింది స్థాయి. రెండూ కలిసిపోయాయి. ఎంత బలంగా కొట్టినా విడిగా వినపడదు. కావలసింది బలం కాదు, కాస్త 'టక్'. గట్టి ఫెల్ట్, స్కిన్ మీద చిన్న ప్యాచ్ ఉంటే సరిపోయేది. ఆ మాట చెప్పేవాళ్ళు ఆ రోజు ఒక్కరూ లేరు.

ఆర్కెస్ట్రా లీడర్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నాను. పిల్లాడి కాలిని అనేముందు బీటర్ చూడండి. బీటర్, ప్యాచ్, స్కిన్ ఖర్చు ట్రూపుది, వాడిది కాదు. అన్నం మాట మాత్రం దయచేసి ఎవరినీ అనకండి.

ఆ, అసలు విషయానికొస్తాను. మైకు లేని చిన్న చర్చిలో పెద్ద గుండ్రటి మెత్తటి ఫెల్ట్ చాలు. 18 అంగుళాల జాజ్ డ్రమ్‌కీ అదే మంచిది. మైకు డ్రమ్ లోపల పెట్టి హోరు పాటలు వాయిస్తే గట్టి ఫెల్ట్ గానీ చెక్క గానీ వాడండి, ప్యాచ్ తప్పనిసరి. చదును ముఖం బీటర్ అయితే స్కిన్‌కి సమంగా ఆనాలి. వంకరగా ఉంటే అంచు దిగి కోసేస్తుంది. కొట్టి అక్కడే అదిమి పెడితే మోత చచ్చిపోతుంది, వదిలితే సాగుతుంది. ఏది కావాలో పాటను బట్టి మీరే తేల్చుకోండి.

చెప్పింది చాలు. మూడు బీటర్లు తెచ్చాను. నీలం చొక్కా బాబూ, నువ్వు రా నాన్నా, కూర్చో. మిగతావాళ్ళు కళ్ళు మూసుకోండి. ముందు ఈ పాతది, మెత్తటి వైపు.