తిరుగు బస్సు

అక్క: నమస్కారం, విశాఖ నుంచి మాట్లాడుతున్నాం. నా పక్కన మా తమ్ముడు. పద్నాలుగు నెలలుగా ఉద్యోగం లేదు. ఆ మధురవాడ ఇంటర్వ్యూ సంగతి చెప్పరా.

తమ్ముడు: మద్దిలపాలెంలో బస్సెక్కాను అక్కా. ఎండాడ వచ్చేసరికి అరచేతులకి చెమట, ఫైలు జారిపోతోంది. గుండె దడదడ. ఇంకో స్టాపు ఉండగానే దిగిపోయి, రోడ్డు దాటి, తిరుగు బస్సెక్కేశాను.

అక్క: ఎక్కాక?

తమ్ముడు: హాయిగా అనిపించింది. నెలల తరబడి అంత హాయి ఎరగను. నన్ను ముంచింది అదే. అలా మూడోసారి వెనక్కి వచ్చేసరికి, తెలియని నంబరు నుంచి ఫోన్ మోగినా దడే.

అక్క: ఇక్కడ కాస్త ఆగుదాం. భయపడి వెనక్కి వచ్చేస్తే దడ తగ్గుతుంది. రాకపోతే ఏదో అయిపోయేదని మనసు నమ్మేస్తుంది. మర్నాడు భయం ఇంకాస్త ముందే పట్టుకుంటుంది. బయటికి అది బద్ధకంలా కనిపిస్తుంది. నాన్న అదే అన్నారు. నేనూ అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది.

తమ్ముడు: నాకూ నేను బద్ధకస్తుడిననే అనిపించేది.

అక్క: బద్ధకం కాదురా. 1929-30లో ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడి అందరి ఉద్యోగాలూ పోయాయి. మారీ యహోదా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడ తోటివాళ్లు అక్కడికి వెళ్లి చూశారు. జనానికి రోజంతా ఖాళీయే, అయినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. మగవాళ్ల నడక కూడా నెమ్మదించింది.

తమ్ముడు: ద్వారకానగర్ లైబ్రరీకి నేనూ మానేశాను కదా. తెలిసినవాళ్లు కనిపించి ‘ఇప్పుడేం చేస్తున్నావ్’ అంటారేమోనని.

అక్క: చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్దామన్నప్పుడు అమ్మ ఏడ్చింది.

తమ్ముడు: సంబంధాలు రావని. డాక్టరు గారు ముందు థైరాయిడ్ టెస్టు రాశారు, అది ఎక్కువైనా గుండె దడ వస్తుందట. అది బాగానే ఉంది. తర్వాత ఒక పని చెప్పారు. ఇంటర్వ్యూ ఏమీ లేకుండా ఊరికే మధురవాడ వెళ్లాలి, దడ దానంతటదే తగ్గేదాకా అక్కడే ఉండాలి. మొదటిరోజు టీ కొట్టు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాను. టీ చల్లారిపోయింది. దడ మాత్రం తగ్గింది.

అక్క: ఆసుపత్రికి వెళ్లడానికి జంకేవాళ్లు 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని, మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే సేవ, 2022లో కేంద్రప్రభుత్వం పెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మంగళవారం ఇంటర్వ్యూకి నేనూ రానా?

తమ్ముడు: హనుమంతవాక దాకా రా అక్కా. అక్కడ నువ్వు దిగిపో.