పొటెన్సీ లెక్కించే ముందు గీతలు సమాంతరంగా ఉన్నాయా?

నమస్కారం అండి. తెర మీద ఉన్నది ఒక బయోఅస్సే డేటా, అంటే జీవకణాల లాంటి వాటి మీద మందు ప్రభావాన్ని కొలిచే పరీక్షది. నీలం చుక్కలు రిఫరెన్స్ స్టాండర్డ్‌వి, ఎర్ర చుక్కలు మన శాంపిల్‌వి. స్టాండర్డ్‌తో పోలిస్తే శాంపిల్ పొటెన్సీ, అంటే దాని బలం, ఎంత? మనకు కావలసింది అదే.

ముందు డోసులకు లాగ్ తీసుకుందాం. ఇదిగో, ఈ కాలమ్. తర్వాత రెండింటికీ గీతలు. వచ్చేశాయి. నేను ఇదంతా ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను. ఎస్ ఆకారపు వక్రరేఖ పూర్తిగా ఉంటే అందులోని డీఆర్‌సీ ప్యాకేజీ వాడతాను, నాకు అదే ఇష్టం. ఇక్కడ మధ్యలోని వంపు లేని భాగమే ఉంది కాబట్టి సరళరేఖ చాలు.

ఇప్పుడు ఆగండి. ఇక్కడ తొందరపడకండి. ఈ రెండు గీతలు సమాంతరంగా ఉన్నాయా? ఉంటేనే వాటి మధ్య అడ్డంగా ఉన్న దూరం ఎక్కడ కొలిచినా ఒకటే. పొటెన్సీ వచ్చేది ఆ దూరం నుంచే. లేకపోతే ఒక్కో చోట ఒక్కో పొటెన్సీ వస్తుంది, ఒకే సంఖ్య చెప్పడానికి అర్థమే ఉండదు.

మొదట్లో నేను వాలుల తేడాకు పి విలువ (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 దాటిందా అని మాత్రమే చూసేదాన్ని, దాటితే పాస్. ఒకసారి కొలతలు ఎంతో నిలకడగా వచ్చిన పరీక్ష ఫెయిలైంది. చుక్కలు చెల్లాచెదురుగా పడిన పరీక్ష పాసైంది! రెండు రోజులు డేటాలో తప్పు వెతికాను. తప్పు నేను అడిగిన ప్రశ్నలోనే ఉంది. తేడా కనబడలేదంటే తేడా లేదని కాదు. కొలతలు మరీ చెదిరినా తేడా కనబడదు. యూఎస్‌పీ, అంటే అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం, 1032వ అధ్యాయంలో తుల్యతా పరీక్ష వైపు మొగ్గేది ఇందుకే. తేడా ముందే పెట్టుకున్న హద్దుల లోపలే ఉందని చూపించడమే ఆ పరీక్ష. వాలుల నిష్పత్తి చూడండి: 1.48ని 1.52తో భాగిస్తే 0.97. దాని 90 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు విలువ ఉండగల పరిధి, 0.91 నుంచి 1.04. హద్దులు 0.80, 1.25. అంతరం మొత్తం లోపలే ఉంది. మొత్తం ఉండాలి, 0.97 ఒక్కటి ఉంటే చాలదు. ఈ హద్దులు ఉదాహరణకు పెట్టినవి. మీవి మీ పాత పరీక్షలను బట్టి, కొత్త డేటా చూడకముందే నిర్ణయించుకోండి.

ఇక మిగిలింది సులువు. ఉమ్మడి వాలు 1.5. రెండు గీతల ఎత్తుల తేడా 0.12. భాగిస్తే 0.08, దాని యాంటీలాగ్ 1.20. అంటే 120 శాతం. ఆర్‌లో లాగ్ అని మాత్రమే రాస్తే సహజ లాగ్ వస్తుంది, అందుకే నేను ఎప్పుడూ లాగ్10 అని పూర్తిగా రాస్తాను. ఎత్తుల తేడాలోనూ వాలులోనూ దోషం ఉంటుంది కాబట్టి పొటెన్సీ విశ్వాస అంతరం ఫీలర్ పద్ధతిలో తీయాలి, అది ఇలాంటి నిష్పత్తుల కోసమే ఉన్నది. ఇదిగో, ఈ వరుస రన్ చేస్తున్నాను. 95 శాతానికి 112 నుంచి 129. రిపోర్టులో 120 పక్కన ఈ రెండూ తప్పకుండా రాయండి.